కొండ మీది ఆడపిల్లలకు బండి నేర్పించండి

అల్లూరి సీతారామరాజు జిల్లా కలెక్టర్ గారికి,
పాడేరు.

గౌరవనీయులైన కలెక్టర్ గారూ,

నేను అరకు లోయలో ప్రభుత్వ బడి టీచర్ని. పుట్టి పెరిగింది ఈ కొండల్లోనే. మన జిల్లాలో పద్దెనిమిదేళ్ళు నిండి, నేర్చుకుంటానన్న ప్రతి ఆడపిల్లకూ మోటారు సైకిల్ నేర్పించి, లైసెన్సు చేతికిచ్చే ఏర్పాటు చేయమని అడగడానికి ఈ ఉత్తరం రాస్తున్నాను. ఇంకా రోడ్డు పడని ఊళ్ళున్న జిల్లాలో ఇది ముందుగా అడగాల్సిన కోరికేనా అని మీకు అనిపించవచ్చు. నేను చాలా ఏళ్ళుగా వంద సీసీ బండి మీదే బడికి వెళ్ళి వస్తున్నాను. దానివల్ల నా బతుకులో ఏం మారిందో చెప్తే ఈ కోరిక ఎంత పెద్దదో తెలుస్తుంది. అందుకని ముందు అదే చెప్తాను.

బండి కొనక ముందు నా రోజంతా సర్వీసు జీపు చేతిలో ఉండేది. జీపు నిండితేనే కదులుతుంది. లోపల సీట్లు నిండితే సరిపోదు, వెనక కమ్మీ పట్టుకుని వేలాడేవాళ్ళు, టాపు మీద కూర్చునేవాళ్ళు కూడా కుదరాలి. సంత రోజైతే బస్తాలు, కోళ్ళు, చీపురు కట్టలు ఎక్కాకే మనుషులకు చోటు. పొద్దున జంక్షన్‌లో కళ్ళు కాయలు కాచేలా నిలబడేదాన్ని. సాయంత్రం ఆఖరి జీపు దాటిపోతుందేమోనని చివరి పీరియడ్ చెప్తూనే కిటికీలోంచి రోడ్డు వైపు చూసేదాన్ని. పిల్లలకు ఆ సంగతి తెలిసేది. నా చూపు ఎటు పోతే వాళ్ళ చూపూ అటే పోయేది. బండి వచ్చాక నాకు మొదట దక్కింది ఆ చివరి పీరియడే. లెక్క రాని పిల్లను ఇంకాసేపు కూర్చోబెట్టి చెప్పగలిగాను. నాలుగు రోజులుగా బడికి రాని పిల్లాడి ఊరికి వెళ్ళి, వాళ్ళమ్మతో మాట్లాడి, చీకటి పడేలోపు ఇల్లు చేరగలిగాను. ఎప్పుడు బయల్దేరాలో, ఎక్కడ ఆగాలో, ఎవరి కోసం ఆగాలో నేనే అనుకోవడమన్నది ఆడదాన్నయిన నాకు అప్పటిదాకా తెలియదు.

రెండోది మనసుకు సంబంధించినది. శృంగవరపుకోట దాటి, బొడ్డవర నుంచి టైడా, అనంతగిరి మీదుగా ఘాట్ ఎక్కేవాళ్ళెవరికైనా ఇది అనుభవమే. సముద్రమట్టానికి తొమ్మిది వందల మీటర్ల ఎత్తున ఉన్న లోయకు ఆ రోడ్డు మెలికలు తిరుగుతూ వస్తుంది. ప్రతి మలుపూ వేరు. ఒకచోట లారీ తన పక్క వదిలి మన పక్కకు వస్తుంది. ఒకచోట ఊట నీరు పారి నాచు పడుతుంది. ఇంకోచోట పశువులు రోడ్డు మధ్యన పడుకుని ఉంటాయి. మలుపులో ముందు చక్రం వైపు చూడకూడదు, మలుపు దాటి ఎక్కడికి చేరాలో అటు చూడాలి. చూపు ఎటు పోతే బండి అటే పోతుంది. దిగేటప్పుడు రెండో గేరులో దించాలి, అప్పుడు ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో వదిలేస్తే భారమంతా బ్రేకుల మీద పడి, అవి వేడెక్కి, సరిగ్గా కావలసిన చోటే పట్టవు. ఇలా కళ్ళు, చెవులు, రెండు చేతులు, రెండు కాళ్ళు ఒకే పని మీద పెట్టాక బెంగలకు చోటెక్కడిది? బదిలీల జాబితా, అమ్మ షుగరు, బ్యాంకు వాయిదా అన్నీ సుంకరమెట్ట వచ్చేసరికి తగ్గిపోయి ఉంటాయి. సమస్యలు ఎక్కడికీ పోవు, నిజమే. కానీ బండి దిగినప్పుడు వాటిని చూసే నేను వేరుగా ఉంటాను. ఒళ్ళు దగ్గర పెట్టుకుని గంటసేపు ఉండటమన్నది మనిషికి ఇంత బలమిస్తుందని నాకు బండే నేర్పింది.

ఇక ఈ కొండ. ఇక్కడే పుట్టినదాన్ని, అయినా బండెక్కాకే దీన్ని పూర్తిగా చూశాను. మార్చి, ఏప్రిల్‌లో తొలి జల్లులు పడిన కొద్ది రోజులకు సిల్వర్ ఓక్ చెట్ల కింద కాఫీ మొక్కలు కొమ్మ పొడవునా తెల్లగా పూస్తాయి. తోట కనిపించకముందే ఆ వాసన వచ్చి తగులుతుంది. అది మల్లె వాసనకు దగ్గరగా ఉంటుంది, ఇంకొంచెం తియ్యగా ఉంటుంది. అది రెండు మూడు రోజుల పండగే. కిక్కిరిసిన జీపులో అది మన దాకా రాదు. వలిసె పూల కాలంలో పసుపు మడుల పక్కన బండి ఆపి ఇంజను కట్టేస్తే తేనెటీగల హోరు వినిపిస్తుంది. ఘాట్‌లో ఒక మలుపు దాటగానే చలి సూదుల్లా మోకాళ్ళలో దిగుతుంది, ఇంకో మలుపులో ఎండ వీపు మీదికి వస్తుంది. ఎక్కడ మంచు పట్టేస్తుందో, ఏ వాగు వానకు ఎంతసేపట్లో పొంగి ఎంతసేపట్లో తీస్తుందో ఇప్పుడు నాకు తెలుసు. ఏ ఊళ్ళో చోళ్ళు కోతకొచ్చాయో, ఎవరింటి ముందు కొండచీపుర్లు ఎండబెట్టారో చూస్తూ వెళ్తాను. బడిలో పాఠం చెప్పేటప్పుడు ఇవన్నీ పనికొస్తాయి. పిల్లలు వచ్చే ఊరు నాకు తెలిసిన ఊరే అయినప్పుడు పాఠం వేరుగా ఉంటుంది.

వెనక సీటు గురించి కూడా చెప్పాలి. ఈ దారుల్లో ఒంటరిగా బండి మీద పోతుంటే చెయ్యెత్తే ఆడవాళ్ళు ఎక్కువ. మగవాళ్ళ బండి ఆపడానికి వెనకాడేవాళ్ళు నా బండి ఆపుతారు. చోళ్ళ మూట ఒళ్ళో పెట్టుకుని ఒక పక్కకు కూర్చున్న ముసలమ్మలు, చంటిపిల్లకు టీకా వేయించడానికి పీహెచ్‌సీకి పోయే తల్లులు ఎక్కుతారు. ముఖం కనిపించదు కాబట్టేమో, వెనక కూర్చున్న మనిషి మనసు విప్పి మాట్లాడుతుంది. కూతుర్ని చదువు మాన్పించి సంబంధం చూస్తున్నారన్న మాట నాకు చాలాసార్లు వెనక సీటు నుంచే వినిపించింది. అలా తెలిసి, ఇంటికి వెళ్ళి మాట్లాడి, మళ్ళీ బడికి తెచ్చుకున్న పిల్లలున్నారు. ఏ మీటింగులోనూ ఆ తల్లి ఆ మాట చెప్పి ఉండేది కాదు.

చేతికి అంటే గ్రీజు కూడా నాకిష్టం. వానలో ప్లగ్గు తడిసి బండి ఆగిపోతే విప్పి, తుడిచి, మళ్ళీ బిగించి స్టార్ట్ చేయడం, చైను వదులైతే బిగించుకోవడం వచ్చాక లోపల ఒక దిటవు ఏర్పడుతుంది. తర్వాత ఆఫీసులో ఏదైనా కాగితం ఆగిపోయినప్పుడు ఎవరినీ బతిమాలకుండా అడగగలిగిన ధైర్యం కూడా అందులోంచే వచ్చిందని నమ్ముతాను.

ఇదంతా నా ఒక్కదాని సంతోషమే అయితే ఈ ఉత్తరం అక్కర్లేదు. వారాంతాల్లో విశాఖ నుంచి నూట పదిహేను కిలోమీటర్లు బండ్ల మీద వచ్చే పిల్లల్ని చూస్తాను. అందులో ఆడపిల్లలూ ఉంటారు. గాలికొండ వ్యూపాయింట్ దగ్గర హెల్మెట్ తీసినప్పుడు వాళ్ళ ముఖంలో ఉండే వెలుగు నాకు బాగా తెలుసు. వాళ్ళు రావాలి, ఇంకా రావాలి. కానీ అదే రోడ్డు పక్కన సీతాఫలాలు, మొక్కజొన్న పొత్తులు అమ్ముకుంటూ నిలబడిన మా ఆడపిల్ల వాళ్ళను చూస్తూ ఉండిపోతుంది. కొండ ఆమెది, రోడ్డు ఆమె ఊరి మీద నుంచే పోతుంది. ఆ వెలుగు ఆమె ముఖంలో ఎందుకు ఉండకూడదు?

మా ఊళ్ళలో బండ్లు లేవని కాదు. కాఫీ డబ్బులు వచ్చిన ఏడాది ఇంటికో స్ప్లెండరో, ప్లాటినానో దిగుతోంది. అది అన్నదో, మొగుడిదో అవుతుంది. ఆడదానికి వెనక సీటే. ఆశా కార్యకర్తనే తీసుకోండి. పురిటి నొప్పులొచ్చిన గర్భిణి దగ్గరికి అర్ధరాత్రి పోవాల్సింది ఆమె. బండి ఇంట్లోనే ఉంటుంది, నడిపేవాడు పొలంలోనో, సంతలోనో, ఒక్కోసారి తాగి పడుకునో ఉంటాడు. ప్రభుత్వం ఆమెకు అప్పగించిన పని మొగుడి తీరిక మీద ఆధారపడి నడుస్తోంది. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చింది, దానివల్ల మేలు జరిగింది. కానీ బస్సు మెయిన్ రోడ్డు దాకానే. అక్కడి నుంచి ఊరికి ఎర్రమట్టి ఎక్కుడు. మైదానంలో ఆడపిల్లలకు సైకిళ్ళిస్తే బడికి వెళ్ళే దారి దగ్గరైంది. మా దగ్గర సగం దారి సైకిల్‌ను తోసుకుంటూ ఎక్కాలి.

డోలీ మోతల గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. నిండు గర్భిణిని కర్రకు కట్టిన దుప్పట్లో కూర్చోబెట్టి వాగులు దాటించే ఊళ్ళు మన జిల్లాలో ఇంకా ఉన్నాయి. నాలుగు చక్రాల బండి పోలేని చోట్ల కోసమే 2018లో రాష్ట్ర ప్రభుత్వం గిరిజన ప్రాంతాలకు 122 ఫీడర్ అంబులెన్సులను ప్రారంభించింది. మోటారు సైకిల్‌నే అంబులెన్సుగా మార్చిన బండ్లవి. ఊళ్ళోంచి రోగిని రోడ్డు దాకా తెచ్చి 108కి అందించడం వాటి పని. పశ్చిమ బెంగాల్‌లో జల్‌పాయిగురి జిల్లా తేయాకు తోట కార్మికుడు కరీముల్ హక్ ఈ పని సొంతంగా మొదలుపెట్టారు. 1995లో అంబులెన్సు దొరక్క తల్లిని పోగొట్టుకున్న మనిషి ఆయన. తర్వాత తన బండి మీదే రోగుల్ని ఆసుపత్రికి చేర్చడం పనిగా పెట్టుకున్నారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆయనకు దక్కిన తృప్తిలో రవ్వంత, నా బండి మీద ఒక రోగిని సమయానికి చేర్చిన రోజున నాకూ దక్కింది. అంతకంటే పెద్ద సంతోషం బండి నాకు ఇవ్వలేదు. ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్తున్నాను. బండి నేర్పించామని చెప్పి రోడ్డు వాయిదా వేయకూడదు. రోడ్డు కావాలి, దాని మీద నడపడం వచ్చిన ఆడపిల్లా కావాలి.

ఒక కలెక్టరు తలుచుకుంటే ఏమవుతుందో చెప్పడానికి తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లా ఉంది. 1990ల మొదట్లో అక్కడ అరివొళి ఇయక్కం పేరుతో అక్షరాస్యత ఉద్యమం నడిచింది. అప్పటి కలెక్టరు షీలారాణి చుంకత్ చదువుతో పాటు ఆడవాళ్ళకు సైకిల్ నేర్పించాలని పట్టుబట్టారు. పొలం కూలీలు, రాళ్ళ క్వారీల్లో పనిచేసేవాళ్ళు, అంగన్‌వాడీ కార్యకర్తలు, టీచర్లు వేల సంఖ్యలో మైదానాలకు వచ్చి నేర్చుకున్నారు. లక్ష మందికి పైగా గ్రామీణ స్త్రీలు సైకిల్ ఎక్కారని అక్కడికి వెళ్ళి చూసిన పాత్రికేయుడు పి. సాయినాథ్ రాశారు. కార్యకర్తలకు సైకిల్ కొనుక్కోవడానికి అప్పులు ఇప్పించారు. ఆడవాళ్ళ సైకిళ్ళు చాలకపోతే మగవాళ్ళ సైకిళ్ళే తీసుకున్నారు. చాలామంది తర్వాత అవే మేలన్నారు, ముందు కమ్మీ మీద పిల్లను కూర్చోబెట్టుకోవచ్చని. యూనిసెఫ్ అక్కడి మహిళా కార్యకర్తలకు మోపెడ్లు కూడా మంజూరు చేసింది. నన్ను బాగా కదిలించింది ఏమిటంటే, సైకిల్ వల్ల ఎంత డబ్బు మిగిలింది, ఎంత సమయం మిగిలింది అన్నదాని కంటే, ఎవరి కోసం ఎదురుచూడక్కర్లేదన్న ధైర్యం గురించే ఆ స్త్రీలు ఎక్కువ చెప్పారు. మొదట ఎగతాళి చేసిన మగవాళ్ళు ఉన్నారు, చెడ్డమాటలు అన్నవాళ్ళూ ఉన్నారు. కలెక్టరు వెనక నిలబడితే ఆ మాటలు ఎంతకాలం నిలుస్తాయి? అదే రోజుల్లో మన నెల్లూరులో అక్షరాస్యత ఉద్యమం దూబగుంట ఆడవాళ్ళను సారా మీద పోరాటానికి నడిపించింది. ఒకటి నేర్చిన చేయి రెండోదానికీ సాగుతుంది.

మన తెలుగు నేల మీదే చూడండి. 2018లో హైదరాబాదు నుంచి నలుగురు ఆడవాళ్ళు (జై భారతి, పియా బహదూర్, శిల్పా బాలకృష్ణన్, అప్పట్లో పోలీసు శాఖలో పనిచేసే శాంతి) మోటారు సైకిళ్ళ మీద మయన్మార్, థాయిలాండ్, లావోస్, కంబోడియా, వియత్నాం తిరిగి వచ్చారు. సుమారు 17,000 కిలోమీటర్ల ప్రయాణం అది. అంతటితో ఆగకుండా జై భారతి మోవో అనే సంస్థ పెట్టి, బస్తీల ఆడవాళ్ళకు ద్విచక్ర వాహనాలు, ఆటోలు నేర్పిస్తున్నారు. పాఠాలు ఎలా చెప్పాలో, భయం ఎలా పోగొట్టాలో వాళ్ళకు తెలుసు. పిలిస్తే కొండకు వచ్చి మన దగ్గర నేర్పేవాళ్ళను తయారుచేయగలరనుకుంటున్నాను.

మీ ముందుకు వచ్చే అభ్యంతరం నాకు తెలుసు. బండ్ల మీద పిల్లలు చచ్చిపోతున్నారు, ఇంకా ఆడపిల్లల్ని కూడా పంపుతారా అంటారు. నేను చదువు చెప్పిన మగపిల్లల్లో బండి మీద పోయినవాళ్ళున్నారు. వాళ్ళ ఇళ్ళకు వెళ్ళి కూర్చున్నాను, ఆ తల్లుల పక్కన. అందుకే అడుగుతున్నాను. వాళ్ళకు ఎవరూ నేర్పలేదు. అన్న నడుపుతుంటే చూసి నేర్చుకున్నారు, ముగ్గురు నలుగురు ఎక్కారు, హెల్మెట్ ట్యాంకు మీద పెట్టుకున్నారు, సంతలో తాగి చీకట్లో దిగారు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం మైనరు చేతికి బండి ఇచ్చిన తండ్రికీ, బండి యజమానికీ పాతికవేల జరిమానా, మూడేళ్ళ దాకా జైలు అంటుంది. ఆ సంగతి ఎన్ని ఇళ్ళలో తెలుసు? పద్ధతిగా నేర్చుకున్న ఆడపిల్ల ఇంట్లో ఉంటే తమ్ముడికి కూడా అడ్డం పడుతుంది. మా ఇంట్లో అదే జరిగింది.

గేర్లు లేని స్కూటరు కాకుండా గేర్ల బండే నేర్పించమని అడగడానికి కారణాలున్నాయి. ఇంట్లో ఉన్నది అదే, కొత్తది కొనక్కర్లేదు. చక్రం పెద్దది, గుంతల్లో దిగి లేస్తుంది. దిగుడులో గేరు పట్టి ఉంచుతుంది. పెట్రోలు బంకు మండల కేంద్రం దాటితే దొరకదు కాబట్టి లీటరుకు ఎక్కువ దూరం పోయేదే కావాలి.

చేయాల్సింది పెద్ద ఖర్చుతో కూడినదేమీ కాదు. జూనియర్ కాలేజీ మైదానాలు, ఆశ్రమ పాఠశాలల ఆవరణలు ఆదివారం ఖాళీగానే ఉంటాయి. ఎల్ఎల్ఆర్ (నేర్చుకునేవాళ్ళ లైసెన్సు) ఇవ్వడానికీ, నెల దాటాక పరీక్ష పెట్టడానికీ రవాణా శాఖ వాళ్ళే మండలాలకు వస్తే, ఒక్క కాగితం కోసం పిల్ల రోజు కూలి పోగొట్టుకుని తిరగక్కర్లేదు. గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ నుంచి ఐఎస్ఐ ముద్ర ఉన్న హెల్మెట్ ఒక్కొక్కరికి ఇప్పించండి. నేర్పడంలో ఘాట్ మీద నడపడం తప్పకుండా ఉండాలి, మైదానంలో ఎనిమిది అంకె తిప్పి పంపితే సరిపోదు. మంచులో లైటు డిమ్‌లో పెట్టడం, మలుపుకు ముందు హారన్ కొట్టడం, చున్నీ వెనక్కి తీసి గట్టిగా ముడేయడం, చీర కట్టుకున్నవాళ్ళు వెనక ఎక్కితే కొంగు చక్రంలో పడకుండా దోపించడం, ఇవన్నీ పాఠాలే. ముందుగా ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు, అంగన్‌వాడీ టీచర్లు, డిగ్రీ చదివే పిల్లలతో మొదలుపెట్టండి. బండి కొనుక్కోవాలనుకునే వాళ్ళకు పొదుపు సంఘాల ద్వారా అప్పు దొరికేలా చూడండి, రిజిస్ట్రేషన్ ఆమె పేరునే ఉండేలా చూడండి.

నా దగ్గర చదువుకుని ఇప్పుడు ఆశా కార్యకర్తగా పనిచేస్తున్న ఒక పిల్లకు ఈ మధ్యే నేర్పించాను. కోత అయిపోయిన మడిలో తిప్పడం తొందరగానే వచ్చింది. ఎక్కుడు మీద ఆపి మళ్ళీ కదిలించడం దగ్గర ఆగిపోయింది. క్లచ్ వదలగానే బండి ఒక కుదుపు కుదిపి ఆగిపోయేది, లేదా వెనక్కి జారేది. వెనక బ్రేకు కాలితో తొక్కిపట్టు, క్లచ్ మెల్లగా వదులు, ఇంజను చప్పుడు బరువెక్కి బండి ముక్కు కాస్త లేచినట్టు అనిపించేచోట చేయి ఆపు, అప్పుడు బ్రేకు వదులు అని పక్కనే నడుస్తూ చెప్తూ వచ్చాను. వాళ్ళమ్మ గట్టు మీద కూర్చుని చూస్తోంది. చివరికి బండి ఆగకుండా, జారకుండా ఎక్కింది. పైకెళ్ళి తిప్పుకుని వచ్చి, "టీచర్, నా మాట వింది" అంది. వాళ్ళమ్మ లేచి వచ్చి ట్యాంకు మీద చేయి వేసి నిమిరింది. తర్వాత, "మా ఊరి పిల్లలు ఇంకా ఉన్నారు, వాళ్ళకు ఎప్పుడు చెప్తావమ్మా?" అని నన్ను అడిగింది.

ఒక్కదాన్ని ఎంతమందికి చెప్పగలను? అందుకే మీకు రాస్తున్నాను. మీరు మైదానం చూపించి, రవాణా శాఖ వాళ్ళను పంపిస్తే, అరకు మండలంలో మొదటి బ్యాచ్‌కు ఆదివారాలు వచ్చి నేర్పడానికి నేను సిద్ధంగా ఉన్నాను. గౌరవ వేతనం అక్కర్లేదు. ఈ కొండల్లో బండి నడిపే నర్సులు, టీచర్లు ఇంకొందరు నాకు తెలుసు, వాళ్ళూ వస్తామన్నారు. వాన తగ్గి వలిసె పూసే లోపు మొదలైతే, కాఫీ కోతలు ముమ్మరం కాకముందే మొదటి బ్యాచ్‌కు పరీక్ష పెట్టించవచ్చు.

ఇట్లు,
అరకు లోయ నుంచి ఒక టీచరు